నూట యాభై గొడ్ల పేడ

వంటింట్లో బెల్లం తూచుకునే కొక్కెం తక్కెడకు పేడగంప తగిలించి రెండు చేతులా పైకెత్తింది రేఖ. ముల్లు ఊగి ఊగి పదకొండున్నర దగ్గర నిలబడింది. గంప బరువు కిలోన్నర తీసేసి, కొట్టం గోడ మీద పెట్టుకున్న పుస్తకంలో పది అని రాసింది.

"ఏం చేస్తాండావే?"

వెనక అత్త బయమ్మ.

"పేడ తూస్తాండా అత్తా."

బయమ్మ తక్కెడ వైపు చూసింది, కోడలి వైపు చూసింది, మళ్లీ తక్కెడ వైపు చూసింది. "బెల్లం తూసే తక్కెడతోనా?"

"కడిగి పెడతాలే."

"ఏడేండ్ల నుంచి ఎత్తిపోస్తాండావు, ఏ పొద్దూ తూయలేదు. ఇప్పుడు యాడ అమ్మబోతావు దాన్ని?"

"అమ్మేదానికి కాదు. ప్రాజెక్టోళ్లకు లెక్క కావాల."

"పేడకు లెక్క. బాగుండాది. ఆ తక్కెడ ఇంక వంటింట్లోకి తేవద్దు. ముందు కాఫీకి నీళ్లు పెట్టిరా. పేడ యాడికీ పోదు, నా కొడుకు లేచే టైమయింది."

రేఖ వెళ్లి నీళ్లు పెట్టి వచ్చింది. మిగిలిన రెండు గంపలూ తూచింది. మొత్తం ముప్పై కిలోలు. ఆరు పశువులు, ఒక్కోదానికి అయిదు. ప్రాజెక్టు వాళ్లు ఇచ్చిన పుస్తకంలో పశువుకు పది అని అచ్చువేసి ఉంది. పచ్చగడ్డి తిన్న పశువును చూసి రాసిన లెక్క అది. మూడేళ్లుగా సరైన వాన లేని ఊర్లో ఎండుగడ్డి నమిలే పశువు పది వేయదని ఆ పుస్తకం రాసినవాళ్లకు తెలియదు. రోజూ ఎత్తే చేతికి తెలుసు.

అది రెండు వేల మూడు, మే నెల. గుమ్మఘట్ట మండలంలో హగరి ఏట్లో ఇసుక తప్ప మరేమీ లేదు. ఆ ఇసుకలో తవ్విన ఊటబావి ఒక్కటే కింద కాలనీలోని నలభై ఇళ్లకు నీళ్లు. బావికి ఎగువన, ఒక కేక వినపడేంత దూరంలో, గట్టు మీద పశువుల క్యాంపు. మేత లేక జనం గొడ్లను సంతకు తోలుకుపోతుంటే వాటిని నిలబెట్టడానికి సర్కారు ఇప్పించిన క్యాంపు. దాన్ని నడిపే సంఘానికి అధ్యక్షుడు రాఘవేంద్ర, రేఖ భర్త.

నీళ్ల ప్రాజెక్టు వచ్చింది ఆ తర్వాత. ఏటి వెంబడి ఏ ఊర్లో ఎన్ని పశువులున్నాయి, అవి వేసే పేడ ఎంత, అందులో నత్రజని ఎంత, దానిలో తాగే నీళ్లలోకి దిగేది ఎంత అని అంచనా కట్టడం దాని పని. ఊరూరికీ లెక్క రాసే మనిషి కావాలి. "మా ఇంట్లోనే బీఎస్సీ కెమిస్ట్రీ ఉండాది సార్" అని రాఘవేంద్ర ప్రాజెక్టు ఆఫీసరు ఆనంద్‌తో అంటుంటే రేఖ తలుపు వెనక నిలబడి విన్నది. పెళ్లయిన ఏడేళ్లలో ఆ ఇంట్లో ఒకరి నోట ఆ డిగ్రీ మాట రావడం అదే మొదటిసారి. ఆమె పెట్టె అడుగున ఉన్న సర్టిఫికెట్ల కవరు తీసి, చెదలు పట్టలేదని చూసుకుని, దుమ్ము తుడిచి, మళ్లీ పెట్టుకుంది. వారం రోజులు కాళ్లు నేల మీద ఆనలేదు. ఆ తర్వాత ఒక పొద్దున రాఘవేంద్ర ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ అన్నాడు. "బయటోడు రాస్తే మన చేతిలో ఉండదప్పా. ఇంటి మనిషైతే చెప్పింది రాస్తాది."

అయినా ఆమె వెళ్లింది. మూడు రోజుల శిక్షణ ఇచ్చారు. ఫారంలో ఒక గడి దగ్గర ఆమె పెన్ను ఆగిపోయింది. 'సేకరణ: నూటికి తొంభై' అని ముందే అచ్చు వేసి ఉంది. పశువు వేసిన పేడలో తొంభై పాళ్లు ఎరువుదిబ్బకు చేరుతుంది, పది పాళ్లే నేల మీద మిగులుతుంది అని దాని అర్థం. "ఈ తొంభై ఎట్లొచ్చింది సార్?" అని అడిగింది. "అది మామూలుగా అనుకునేదేనమ్మా" అన్నాడు ఆనంద్. "ఎత్తేదెవరు సార్?" ఆనంద్ నవ్వాడు. మంచివాడే, కానీ నవ్వాడు. "ఎవరో ఒకరు ఎత్తుతారు కదా."

ఎవరో ఒకరు. ఇప్పుడు తూకం అయ్యాక రేఖ పేడ చేతులు కడుక్కోకుండానే ఆ ఎవరో ఒకరి లెక్క కట్టింది. రోజుకు ముప్పై కిలోలు, ఏడాదికి పదకొండు టన్నులు, ఏడేళ్లకు డెబ్బై ఆరు టన్నులు. మేత దండిగా ఉన్న ఏళ్లు కలుపుకుంటే ఇంకా ఎక్కువే. ఆరేడు లారీల పేడ తన తల మీదుగా కొట్టం నుంచి దిబ్బకు పోయింది. జ్వరం వచ్చినా పోయింది, తమ్ముడి పెళ్లి రోజు పొద్దున కూడా పోయింది. మూడేళ్ల కిందట అయిదో నెలలో కడుపు పోయినప్పుడు పన్నెండో రోజే మళ్లీ గంప ఎత్తింది. "కూర్చుంటే నడుము పట్టుకుంటాది, కదులుతాండల్ల" అన్నది అత్త, ప్రేమగానే. కొట్టం ఎప్పుడూ శుభ్రంగా ఉండేది. ఎందుకు శుభ్రంగా ఉందని ఎవరూ అడగలేదు. తెల్లవారితే వెలుతురు వచ్చినట్టు, తెల్లవారితే పేడ పోతుంది. ఆ ఇంట్లో మగవాళ్లకు తెలిసింది అంతే.

*

ఇంట్లో పేడ తూచిన ఆ సోమవారమే తొమ్మిది గంటలకు ఆమె క్యాంపుకు వెళ్లింది. పది వరుసల గుంజలు, మీద జొన్న చొప్ప కప్పిన పందిళ్లు. ఎనిమిదిమంది ఆడవాళ్లు గంపలతో పేడ ఎత్తి ఏటి గట్టున దిబ్బ మీద పోస్తున్నారు.

"రేఖమ్మ వచ్చె. తక్కెడ తెచ్చినావు, పేడకు జాతకం సూస్తావా తల్లీ?" అన్నది ఒకామె.

"సూస్తా. పొద్దుకు ఎన్ని గంపలు ఎత్తుతారు?"

"ఒక్కొక్కరం ముప్పై ఆరో, ముప్పై ఏడో. నడుముకు తెలుసు లెక్క."

రేఖ నాలుగు గంపలు తూచింది. గంపకు పది కిలోలు తేలింది. అందరివీ కలిపి రెండు వందల తొంభై గంపలు. రెండు వేల తొమ్మిది వందల కిలోలు. పశువుకు అయిదు లెక్కన అయిదు వందల ఎనభై పశువులు. ఆమె రెండోసారి కట్టింది, మూడోసారి కట్టింది. అంతే వచ్చింది.

సర్కారు నుంచి మేత తెచ్చుకోవడానికి రాసే రిజిస్టరులో ఉన్నది పద్నాలుగు వందల ఇరవై.

ఆ అంకె ఆమెకు బాగా తెలుసు. రాసింది ఆమే. పది రోజులకొకసారి రాఘవేంద్ర రిజిస్టరు తెచ్చి మంచం మీద వేసేవాడు. "నీ దస్తూరి ముత్యాల మాదిరి ఉండాది. నేను చెప్తా, నువ్వు రాయి" అనేవాడు. ఇంట్లో కూర్చుని ఆమె పశువుల రంగులు, కొమ్ములు, యజమానుల పేర్లు రాసేది. అంత మేత ఏ పశువులు తిన్నాయో ఇప్పుడు అర్థమయింది. పుట్టని పశువులు.

చేతిలోని పుస్తకం మూసి ఆమె చుట్టూ చూసింది. రోజూ అందరికంటే ముందుండే హనుమంతమ్మ దిబ్బ దగ్గర ఒక్కతే చతికిలబడి కూర్చుని ఉంది.

"ఏం హనుమంతక్కా?"

"మనవరాల్ని రాయదుర్గం ఆస్పత్రిలో ఏసినారమ్మా. నా కూతురు ఆడే ఉండాది." హనుమంతమ్మ ఖాళీ గంప పక్కకు నెట్టింది. "రెండు నెల్ల పిల్ల. పెదాలు, గోర్లు నేరేడుపండు మాదిరి అయిపాయ. ఊపిరి అందల్యా."

"ఇప్పుడెట్లుండాది?"

"అదే ఇచిత్రం. ఆడికి పోతే రెండు దినాల్లో తేరుకుండె. పోయిన నెలా ఇంతే. ఇంటికి తెస్తానే మళ్లీ నీలం. గాలి సోకిందంటారు. డాక్టరమ్మ మాత్రం నీళ్లు మార్సుమనె. ఏం నీళ్లు మార్సేది? బావి ఒకటే ఉండాది గదా. నా కూతురికి పాలు పడల్యా, డబ్బాపాలే. నీళ్లు ఊరికే పోస్తామా, పావుగంట మరగబెట్టి మరగబెట్టి పోస్తిమి."

రేఖ తక్కెడ కింద పెట్టి, ప్రాజెక్టువాళ్లు ఇచ్చిన నీళ్ల పరీక్ష పెట్టె అందుకుంది.

గట్టు దిగి బావి దగ్గరకు వెళ్లింది. ప్రాజెక్టు పెట్టెలోంచి గాజుగొట్టం తీసి నీళ్లు పట్టి, పొడి వేసి, మూత బిగించి ఊపింది. నీళ్లు లేత గులాబీ అయ్యాయి. ఆగలేదు. ముదురు గులాబీ, ఆ తర్వాత బీట్‌రూట్ ఉడికించిన రంగు. రంగుల పట్టీలో చివరి గడి కూడా దాటిపోయింది. ఆమె చేతులు కాలేజీ ల్యాబులో నేర్చుకున్నది మరిచిపోలేదు. ఆ నీళ్లలో అంతే శుద్ధజలం కలిపి మళ్లీ చేసింది. ఎనభై. అంటే అసలు నీళ్లలో నూట అరవై. పేడలోని నత్రజని నీళ్లలోకి దిగి నైట్రేటు అవుతుంది; అది లీటరుకు నలభై అయిదు మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. పసిపిల్లలకు అసలే పోయకూడదు. వాళ్ల నెత్తురులో గాలిని మోసే శక్తిని అది తినేస్తుంది.

మరగబెడితే పురుగు చస్తుంది. నైట్రేటు చావదు. నీళ్లు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది, కషాయం చిక్కబడ్డట్టు. నలుగురికంటే జాగ్రత్త గల ఇల్లు కాబట్టే ఆ పిల్లకు నలుగురికంటే ఎక్కువ విషం అందింది.

ఆమె గట్టెక్కి మళ్లీ దిబ్బ దగ్గరకు వచ్చింది. "హనుమంతక్కా, పిల్ల ఇంటికెప్పుడొస్తాది?"

"బుధవారం. అయిదు గంటల బస్సుకు."

"కాలనీలో డబ్బాపాలు తాగే పిల్లోళ్లు ఇంకెంతమంది?"

హనుమంతమ్మ వేళ్లు మడిచింది. "మాది కాక ముగ్గురు."

ఇంటి బోరు నుంచి ఒక బిందె ఆమె దాచి తేగలదు. నలభై ఇళ్లకు తేలేదు. ట్యాంకరు రావాలంటే బావి పనికిరాదని ఎమ్మార్వో సంతకం పెట్టాలి. సంతకానికి ప్రాజెక్టు ఫారం కావాలి. ఫారంలో పశువుల సంఖ్య, పేడ సంఖ్య, నీళ్ల సంఖ్య మూడూ ఒకదానికొకటి కుదరాలి. బుధవారం పదకొండు గంటలకు ఆఫీసర్లు క్యాంపుకే వస్తున్నారు.

*

మంగళవారం మధ్యాహ్నం రాఘవేంద్ర సంగటి ముద్ద పులుసులో అద్దుకుంటూ, తలెత్తకుండా అడిగాడు. "ఫారం నింపినావా?"

"నింపుతాండా."

"నేను చెప్తా, నువ్వు రాయి. క్యాంపులో గొడ్లు నూట యాభై."

రేఖ చేతిలోని గరిటె గిన్నె మీదే ఆగింది. "రిజిస్టరులో పద్నాలుగు వందలు రాయించింటిరి."

"అది మేతకు. ఇది నీళ్లకు. వేరే ఆఫీసు, వేరే లెక్క. బావి పక్కన రెండు వందలకు మించి గొడ్లుంటే క్యాంపు మార్చాలని నీ ప్రాజెక్టోళ్లే గదా పెట్టుకున్నారు. మారిస్తే ఇంకొకడు ఎగరేసుకుపోతాడు దాన్ని. వచ్చే ఎలక్షన్లకు ఈ క్యాంపే నా మొగం. పులుసు వెయ్."

ఆమె పులుసు వేసింది. "ఎమ్మార్వో పోయిన నెల వచ్చి చూసినాడంటిరే. పద్నాలుగు వందలు చూపించినారా?"

"చుట్టుపక్కల నాలుగూర్ల గొడ్లు తోలుకొచ్చి నిలబెట్టినా. రేపు ఉండేవాటిని తోలేస్తా. లెక్క కావాలంటే వస్తాయి, వద్దంటే పోతాయి. గొడ్లు గదా, నోరుంటాదా వాటికి?" తన మాటకు తనే నవ్వుకున్నాడు.

"బావిలో నీళ్లు బాగలేవు. హనుమంతమ్మ మనవరాలు..."

"కాలనీలో పిల్లోళ్లకు ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటాది."

"నూట అరవై ఉండాది. నేనే చూసినా."

అప్పుడు తలెత్తాడు. కోపం లేదు ఆ ముఖంలో. రేఖను భయపెట్టింది అదే. చాలా నిదానంగా, పిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "రేఖా, రిజిస్టరు ఎవరి దస్తూరి? మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా? నాది ఒక్క అక్షరం ఉండాదా అందులో? రేపు అది బయటపడితే, లెక్క రాసినోళ్లనే పట్టుకుంటారు. నేను పెండ్లాన్ని నమ్మి సంతకం పెట్టినోన్ని, అంతే." ముద్ద మింగాడు. "నువ్వు సదువుకున్నదానివి. నీకు చెప్పేదేముండాది."

పక్కనే విస్తరాకులు కుడుతున్న బయమ్మ సూదిలాంటి పుల్ల విరిచి అన్నది. "మొగుడు చెప్పింది రాస్తే చెయ్యి అరిగిపోతాదా?"

రేఖ ఎంగిలి కంచం ఎత్తింది. గిన్నెలు తోమే చోట బూడిద చేతిలోకి తీసుకుని చాలాసేపు తోమకుండా కూర్చుంది. ముత్యాల మాదిరి దస్తూరి. ఆ పొగడ్త కోసం నాలుగు నెలలు ఆమె మంచం మీద ఒంగి రాసింది. దీపం దగ్గరకు జరిపి మరీ రాయించుకున్నాడు. ఇంటి పనిలో ఇదొకటి అనుకుంది. కంచం కడిగినట్టు, కొట్టం ఊడ్చినట్టు. కడిగిన కంచం మీద కడిగినవాళ్ల పేరు ఉండదు. రాసిన కాగితం మీద మాత్రం ఉంటుంది. ఆ ఇంట్లో తాను చేసిన పనులన్నిటిలోకీ తన ఆనవాలు మిగిలింది ఆ ఒక్క దొంగలెక్కలోనే. జైలు అన్న మాట అతను అనలేదు. అనకుండానే ఆ మాట వంటిల్లంతా తిరిగింది. తాను నూట యాభై రాస్తే ఎవరికీ ఏమీ కాదు, బుధవారం అయిదు గంటల బస్సు దిగే పిల్లకు తప్ప. అయిదు వందల ఎనభై రాస్తే ఎవరు నమ్ముతారు? ఆఫీసర్లు వచ్చేసరికి గుంజలకు నూట యాభై గొడ్లే ఉంటాయి. కళ్ల ముందు ఉన్నదాన్నే నమ్ముతారు.

కళ్ల ముందు ఉన్నది.

ఆమె బూడిద చేతితో అలాగే లేచి నిలబడింది. రాఘవేంద్ర గొడ్ల గురించి ఆలోచించాడు. పేడ గురించి ఆలోచించలేదు. అతనికి గుర్తుకు రాదు. ముప్పై ఎనిమిదేళ్ల బతుకులో ఏ పొద్దూ అతని కాలికి పేడ అంటలేదు. అతను లేచేసరికి అది దానంతట అదే పోయి ఉంటుంది.

*

సాయంత్రం నాలుగు గంటలకు ఆమె దిబ్బ దగ్గర ఎనిమిదిమందినీ కూర్చోబెట్టి నీళ్ల సంగతి చెప్పింది. ఎర్రగా మారిన గాజుగొట్టం చూపించింది. అప్పుడు అసలు మాట అన్నది.

"రేపు పొద్దున ఎవ్వరూ పేడ ఎత్తొద్దు."

"ఎత్తకుంటే రాఘవేంద్రన్న ఊరుకుంటాడా?" అన్నది ఒకామె. "మధ్యాన్నానికల్లా యేరేవాళ్లను పిలుస్తాడు. ఈ కరువులో ఇంకో పని యాడుండాది?"

"తూయాలని ప్రాజెక్టామె చెప్పింది అనండి. నిజమే గదా, చెప్తాండా. తప్పు నా మీదికి తోయండి."

"నీ మొగుడే గదమ్మా. నీకేమవుతాది?"

రేఖ జవాబు చెప్పడానికి ముందే హనుమంతమ్మ అందుకుంది. "ఆయమ్మకే అయ్యేది. మనకు కూలి పోతాది. ఆయమ్మకు ఇల్లు పోతాది." రేఖ ముఖంలోకి చూసింది. "తెలిసే చెప్తాండావా?"

"తెలిసే."

"అయితే ఇంకేముండాది. పెండ్లయినప్పటి నుంచి నేను పేడ ఎత్తని పొద్దు లేదు. ఒక్క పొద్దు కాలు సాపుకోని కూర్సుంటా, ఎట్లుంటాదో సూద్దాం."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు మెల్లగా అందరికీ పాకింది.

*

బుధవారం ఇంకా మసక వీడకముందే క్యాంపు కాపలాదారు తిప్పయ్య గొడ్లను గుట్ట వైపు తోలేశాడు. నూట యాభై మిగిల్చాడు. రాఘవేంద్ర ఆఫీసర్లను తీసుకురావడానికి రాయదుర్గం వెళ్లాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త చెప్పులు. వెళ్తూ రేఖ పుస్తకం మీద వేలితో తట్టాడు. "నూట యాభై."

పదకొండున్నరకు జీపు గట్టెక్కింది. ముందు దిగిన ఎమ్మార్వో రుమాలు ముక్కుకు పెట్టుకున్నాడు. వెనక ఆనంద్ దిగాడు. ఆ తర్వాత రాఘవేంద్ర దిగి, ఒక అడుగు వేసి, ఆగిపోయాడు.

పది వరుసలు. పది వరుసల్లోనూ ఈ చివర నుంచి ఆ చివరకు పేడ. ఖాళీ గుంజల కింద కూడా. ప్రతి గుంజకు కుప్ప. మధ్యలో ఉచ్చ గుంటలు. ఈగలు ముసురుతున్న చప్పుడు దూరానికి వినిపిస్తోంది. పందిరి నీడలో ఎనిమిదిమంది ఆడవాళ్లు కాళ్లు చాపుకుని కూర్చున్నారు.

"ఏమప్పా రాఘవేంద్రా, ఇదేం క్యాంపు?" అన్నాడు ఎమ్మార్వో.

"ఏమ్మే హనుమంతమ్మా, ఎత్తలేదేం?" రాఘవేంద్ర అరిచాడు.

"తూయాలన్నారు సామీ."

"ఎవరన్నారు?"

"నేనే" అన్నది రేఖ. తక్కెడ ఆమె చేతిలో ఉంది. "ఒక దినం వేసింది వేసినట్టే పెట్టి తూస్తే లెక్క సరిగ్గా వస్తాది సార్. పుస్తకంలో అంకె మన గొడ్లకు సరిపోదు."

ఆనంద్ చుట్టూ చూసి తలూపాడు. "సరైన పద్ధతే. తూయండి."

మొదటి వరుస ఎత్తారు. గంప నింపడం, తక్కెడకు తగిలించడం, ముల్లు చదవడం, రాయడం. ఎమ్మార్వో రెండు గంపల తర్వాత గడియారం చూసుకున్నాడు. పది గంపల తర్వాత చూడటం మానేశాడు. ఒక్క వరుసకు ఇరవై తొమ్మిది గంపలు, రెండు వందల తొంభై కిలోలు. తక్కిన తొమ్మిది వరుసలూ కళ్ల ముందే ఉన్నాయి.

"మొత్తం రెండు వేల తొమ్మిది వందలు" అన్నాడు ఆనంద్. "గొడ్లెన్ని?"

"నూట యాభై సార్. చూస్తానే ఉన్నారు గదా" అన్నాడు రాఘవేంద్ర.

ఆనంద్ జేబులోంచి క్యాలిక్యులేటర్ తీశాడు. "అంటే ఒక్కొక్కటి పంతొమ్మిది కిలోలు."

ఎమ్మార్వో రుమాలు తీసేశాడు. "ఈ కరువులో ఏం మేపుతాండావప్పా, బిర్యానీనా?"

"ఇది వారం పేడ సార్. కావాలని ఎత్తకుండా పెట్టినారు."

హనుమంతమ్మ లేచి వచ్చింది. ఒక కుప్పను రెండు చేతుల్లోకి తీసుకుని ఆఫీసర్ల ముందు విప్పింది. లోపల పచ్చగా, జారుగా ఉంది. "ఈ ఎండకు వారం పేడైతే పిడక అయ్యింటాది సామీ. ఇట్ల జారుతాదా? కావాలంటే పట్టుకోని సూడు." రాఘవేంద్ర వైపు చేతులు చాపింది. అతను వెనక్కి జరిగాడు. కొత్త చెప్పు ఒక కుప్పలో దిగబడింది.

ఎమ్మార్వో అతని కాలి వైపు కాసేపు చూశాడు. "పోయిన నెల మేతకని నేనొస్తే పద్నాలుగు వందల ఇరవై చూపిస్తివి. ఈ పొద్దు నూట యాభై. ఏది నిజం?"

రాఘవేంద్ర రేఖ పక్కకు వచ్చాడు. ఆమెకు మాత్రమే వినపడేలా పళ్ల మధ్య నుంచి అన్నాడు. "రిజిస్టరు ఎవరి దస్తూరో చెప్పమంటావా?"

రేఖ గట్టు కిందికి చూసింది. ఎవరో ఒక ఆడమనిషి బావిలోంచి బిందె చేదుతోంది.

"ఏదీ నిజం కాదు సార్" అన్నది గట్టిగా. "రిజిస్టరు దస్తూరి నాది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా. ఇంట్లో మంచం మీద కూర్చుని, ఈయన చెప్తే రాసినా. ఒక్క గొడ్డును గూడా చూసి రాయలేదు. ఇది మాత్రం చూసి, తూచి రాసినా. క్యాంపులో ఉండేది అయిదు వందల ఎనభై గొడ్లు. రోజుకు పద్నాలుగు కిలోల నత్రజని, ఉచ్చ కాకుండానే. మీ ఫారంలో తొంభై పాళ్లు ఎత్తుతారని ఉండాది సార్. ఎత్తినారు. వీళ్లే ఎత్తినారు. ట్రాక్టరుకు దగ్గరని దిబ్బ ఏటి గట్టునే వేయించినారు. వాన పడిన రెండుసార్లూ అది కిందికి దిగింది. బావిలో నూట అరవై ఉండాది."

గాజుగొట్టం ఆనంద్ చేతికిచ్చింది. అతను బావి దగ్గరకు వెళ్లి తనే మళ్లీ చేశాడు. తిరిగి వచ్చేటప్పుడు అతని ముఖంలో ఆ పాత నవ్వు లేదు.

"నువ్వు రాసిస్తే నేను తీసుకోవాల్సి వస్తాదమ్మా" అన్నాడు ఎమ్మార్వో, గొంతు తగ్గించి. "విచారణలో ముందు నీ పేరే వస్తాది. ఆలోచించుకో."

"ఆలోచించుకునే వచ్చినా సార్. ముందు బావి సంతకం పెట్టండి. పిల్ల అయిదు గంటల బస్సుకు వస్తాది."

*

నాలుగున్నరకు ట్యాంకరు వచ్చింది. బావి చుట్టూ ముళ్లకంప వేశారు. బస్సు దిగిన హనుమంతమ్మ కూతురు చేతుల్లో పిల్ల నిద్రపోతోంది. రేఖ గుడ్డ తొలగించి గోర్లు చూసింది. లేత గులాబీ. నీళ్లలో చూస్తే వణుకు పుట్టిన ఆ రంగు పిల్ల గోళ్ల మీద ఎంత బాగుందో అనుకుంది. ఒక బిందె ట్యాంకరు నీళ్లు వాళ్ల గడప లోపల దించి, ఇంటికి నడిచింది.

దారి పొడుగునా ఆమె ఏమీ ఆలోచించలేదు. ఏడేళ్లలో మొదటిసారి, ఇంటికి పోగానే ఏం పని ఉందో గుర్తు చేసుకోకుండా నడిచింది.

బయమ్మ కొట్టం ముందే నిలబడి ఉంది. వరండాలో రాఘవేంద్ర కుర్చీలో ఉన్నాడు. చెప్పులు కడుక్కున్నాడు. మనిషి ఇంకా తేరుకోలేదు. ఆమె రావడం చూసి నోరు తెరిచాడు. తల్లి అడ్డుపడింది.

"ఊరి ముందర మొగుని మానం తీసి వచ్చినావు. సరే. అది మీ ఇద్దరిదీ. పొద్దున వేసిన పేడ కొట్టంలో అట్లే ఉండాది. దాన్నెవరు ఎత్తాల?"

రేఖ కొట్టంలోకి వెళ్లింది. గంపా, పారా తీసుకొచ్చి, క్యాంపు నుంచి తెచ్చిన కొక్కెం తక్కెడను వాటికి జత చేసింది. మూడింటినీ రాఘవేంద్ర కుర్చీ పక్కన పెట్టింది. వరండా మెట్టు మీద కూర్చుని, ఒళ్లో పుస్తకం తెరిచి, పెన్ను మూత తీసింది.

"ఆరు గొడ్లు. మూడు గంపలయితాది" అన్నది. "మీరు తూసి చెప్పండి. నేను రాస్తా."